అల్లుడుగారి హెల్మెట్‌కి ఆకుపచ్చ రిబ్బను

జంషెడ్‌పూర్‌లో జూన్ నెల ఎలా ఉంటుందో అబద్ధం ఆడకుండా చెప్పడం ఇంతవరకూ ఎవరి వల్లా కాలేదు. నా వల్ల అసలే కాదు. ఆ నెలలో మా పేట బర్మామైన్స్ సందుల్లో కాకులు నీడ కోసం ఒకదాని రెక్క కిందికి ఒకటి దూరతాయి. రైలు పట్టాలు మెత్తబడి, గూడ్సు బళ్లు ఇడ్లీ పిండి మీద నడిచినట్టు నడుస్తాయి. మా గోడ మీది క్యాలెండర్‌లో దేవుడు కప్పుకున్న పట్టుబట్ట తీసి పక్కన పెట్టాడని మా ఆవిడ ఒట్టేసి చెప్పింది. ముప్ఫై ఏళ్ల కాపురంలో నా జబ్బు ఆవిడకీ అంటుకుంది మరి.

మే నెల సంగతి వేరు. మేలో ఎండ ఎదురుగా వచ్చి చెంప మీద కొడుతుంది. దానికి ముఖం ఉంటుంది, తిట్టుకోవచ్చు. జూన్‌లో వాన ఇంకా రాదు గానీ, తేమ మాత్రం పెళ్లికి వారం ముందే దిగిన చుట్టంలా వచ్చి ఇంట్లో కూర్చుంటుంది. మబ్బు పట్టి ఉంటుంది. ‘ఎండ లేదు కదా’ అనుకుంటాం. అక్కడే మోసపోతాం.

ఇప్పుడు నేను ఖాళీ. రిటైరయ్యానంటే పండు ముసలాణ్ణి అనుకునేరు, జుట్టు ఇంకా సగం నల్లగానే ఉంది, రంగు లేకుండానే. మోకాళ్లు రాజీనామా ఇచ్చాయి, వాటి వెనకే నేనూ ఇచ్చాను. అంతకుముందు గోవింద్‌పూర్ దాటాక, లారీలకి ఇనప భాగాలు పోతపోసే ఒక ఫౌండ్రీలో పనిచేశాను. పేరెందుకు లెండి. కొత్తగా పనిలోకి వచ్చేవాళ్లని రేకుల షెడ్డులో కూర్చోబెట్టి ఎలా చావకూడదో చెప్పడం నా ఉద్యోగం. అందరూ నన్ను ‘సేఫ్టీబాబు’ అనేవారు. ఇప్పుడు ఆ షెడ్డులో నా కుర్చీలో ఎవరో కుర్రాడు కూర్చుని ఉంటాడు. అతనికీ, అలాంటి కుర్చీల్లో ఉన్న మిగతా కుర్రకారుకీ ఒక మామా అల్లుళ్ల కథ చెప్పాలని ఉంది. కాకుల గురించి పెంచి చెప్పాను, ఒప్పుకుంటున్నాను. దీన్ని పెంచడం మాత్రం నా చేతకాదు.

వేడి గురించి నా పాఠం చాలా ప్రసిద్ధి. ఆ పాఠం వినడానికి పక్క జిల్లాల నుంచి జనం బళ్లు కట్టుకుని వచ్చేవారని నేనే చాలామందికి చెప్పాను. బల్ల మీద ఒక మట్టికుండ పెట్టేవాణ్ణి. “మేలో ఈ కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి? కుండకి చెమట పట్టి, ఆ చెమట గాలికి ఆరుతుంది కాబట్టి. జూన్‌లో ఎందుకు చల్లబడవు? గాలే తడిగా ఉంటే చెమట ఆరేదెక్కడ? నీ ఒళ్లూ ఈ కుండే. చెమట కారుతున్నంత మాత్రాన ఒళ్లు చల్లబడుతోందని అనుకోకు, ఆరితేనే చల్లబడేది” అని హిందీలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పేవాణ్ణి. తరువాత అసలు విషయం: కొత్తగా వచ్చిన ఒంటికి వేడి అలవాటు కావడానికి రోజులు పడతాయి. మొదటి రోజు కొంచెం పని, రెండో రోజు ఇంకొంచెం. అలా పెంచుకుంటూ పోవాలి. దాహం వెయ్యకముందే నీళ్లు తాగాలి. కూలర్ ఉన్న గదిలో మాటిమాటికీ కూర్చోవాలి. ఎవరైనా తేడాగా మాట్లాడినా, తూలినా, అరవాలి.

“అర్థమైందా?” అనడిగితే షెడ్డు షెడ్డంతా “అయింది బాబూ” అనేది. మనవాళ్ల భాషలో ఆ మాటకి ‘సాలు, ఇంక ఒగ్గియ్యి’ అని అర్థమని నాకు బాగా ఆలస్యంగా తెలిసింది.

కొత్తవాళ్లని గుర్తుపట్టడానికి హెల్మెట్ చుట్టూ ఆకుపచ్చ రిబ్బను కట్టేవాళ్లం. ఆ రిబ్బను ఉన్నవాడికి ఎవరూ బరువు పని చెప్పకూడదు, కూర్చుంటే లేపకూడదు. మంచి ఏర్పాటే. రిబ్బను వచ్చిన మర్నాటికే దానికి పేరూ వచ్చింది. హిందీవాళ్లు ‘పాలక్’ అనేవారు, మనవాళ్లు ‘తోటకూర’ అనేవారు. “ఏయ్ పాలక్, ఇధర్ ఆ!” “ఏటి తోటకూరా, అప్పుడే కూకుండిపోనావా?” సముద్రం ఈదొచ్చిన మొనగాడైనా సరే, ఆ రిబ్బను కడితే కూరల బండి మీది కట్టే.

ఈ ఏర్పాట్లన్నీ చేసింది మా సేఫ్టీ ఆఫీసరు. ఒడిశా పిల్ల, నా కూతురి వయసు, నాకు పై అధికారి. ఎండా తేమా కలిపి కొలిచే మీటరొకటి మెడలో మంగళసూత్రంలా వేసుకుని తిరిగేది. ఒకరోజు ఏనుగు స్నానం చెయ్యగలిగేంత ప్లాస్టిక్ తొట్టె తెప్పించి కూలర్ గది పక్కన పెట్టించింది. ఎవరికైనా వడదెబ్బ తగిలితే మంచునీళ్లలో ముంచడానికట. కేంటీన్‌లో ఐసు ఎప్పుడూ ఉండాలని హుకుం. ఫౌండ్రీ మొత్తం దానికి ‘మేడమ్ స్విమ్మింగ్ పూల్’ అని పేరు పెట్టింది. అది ఎన్నాళ్లో ఖాళీగా ఉంది. ఒక పిల్లి అందులో పిల్లల్ని పెట్టాలని చూస్తే మేడమ్ దాన్ని కూడా నియమాలు చదివి పంపించేసింది.

ఇక మేస్త్రీ. ఆర్పిన కొలిమి సెగ తగ్గకముందే లోపలికి దిగి, కాలిపోయిన ఇటుక పెచ్చులు కొట్టి, కొత్త ఇటుక పేర్చే గేంగుకి ఆయన పెద్ద. శ్రీకాకుళం దగ్గర సముద్రపొడ్డు నుంచి చిన్నప్పుడే ఈ ఊరొచ్చాడు. గొంతు విప్పితే గోవింద్‌పూర్‌లో మాట్లాడినది మైళ్ల దూరంలోని భాలుబాసాలో వినపడేది. ఆయన గేంగులో సగం మంది చుట్టాలే. కొడుకులిద్దరూ అందులోనే. బర్మామైన్స్‌లో పుట్టారు కాబట్టి తండ్రి తెలుగులో తిడితే హిందీలో జవాబిచ్చే రకం. కూతురికి ఆ వేసవిలోనే పెళ్లి చేశాడు. అల్లుడు ఆయన సొంత ఊరివాడు. ఇక్కడైతే చేతి కింద పని ఉంటుందని తీసుకొచ్చాడు. అలా, జూన్ నెల మొదట్లో, ఆ కొత్త అల్లుడు నా రేకుల షెడ్డులో ముందు వరసలో కూర్చున్నాడు. కూర్చున్నాడంటే పాఠం వరకే. మేస్త్రీ గుమ్మంలోకి రాగానే లేచి నిలబడ్డాడు.

“కూకోండి అల్లుడుగారూ” అన్నాడు మేస్త్రీ.

“పర్లేదు మావయ్యా” అన్నాడతను. ఆ వారంలో అతని నోటి నుంచి నేను విన్నది ఆ మాటే. ఆకలేస్తోందా అన్నా అదే, వేడిగా ఉందా అన్నా అదే.

“కొత్త కదా మేస్త్రీ, ఒక వారం రిబ్బను కట్టి చిన్న పనులే చెప్పాలి” అన్నాను.

“ఏటి బాబూ, మాది సముద్రం ఒడ్డు. పుట్టినకాడ్నించీ ఉక్కలోనే ఉన్నాం. మాకు కొత్తగా నేర్పుతారేటి?” అన్నాడు మేస్త్రీ, పొట్ట చెయ్యెత్తు ముందుకొచ్చేలా ఊపిరి పీల్చి.

సముద్రం ఒడ్డువాళ్లకి ఉక్క అలవాటే, నిజమే. కానీ అల్లుడు అక్కడ ఏం పని చేశాడో మేమెవరమూ అడగలేదు. రొయ్యలు ప్యాక్ చేసే కంపెనీలో, మంచుగదిలో, స్వెట్టర్ వేసుకుని రెండేళ్లు పనిచేశాడట. ఊరు ఉడికిపోతున్నా అతని ఒళ్లు మాత్రం హిమాలయాల్లో ఉంది. ఈ సంగతి అంతా అయ్యాక తెలిసింది. అందుకే కుర్రాళ్లకి చెబుతున్నాను: కొత్తవాణ్ణి ‘ఏ ఊరు?’ అని అడిగి వదిలెయ్యకండి. పోయిన నెల అతని ఒళ్లు ఎక్కడుందో అడగండి.

రిబ్బను కట్టాం. మొదటి రోజు బాగానే గడిచింది. ఇబ్బంది రెండో రోజు నుంచి మొదలైంది, అది వేడి వల్ల కాదు, మర్యాద వల్ల.

కొత్త అల్లుడంటే మన ఇళ్లలో ఎంత రాచరికమో మీకు తెలుసు. మేస్త్రీ భార్య అల్లుడికి వేరే క్యారేజీ పంపేది. దాని గిన్నెలు లెక్కపెట్టడానికి మెడ వెనక్కి వంచాల్సి వచ్చేది. చేపల పులుసు, గుడ్ల వేపుడు, నెయ్యన్నం, గారెలు. కొడుకులకి మాత్రం అన్నం, పప్పు. “అమ్మా, మై తేరా బేటా నహీ హూ క్యా?” అని, నేను నీ కొడుకుని కానా అంటూ చిన్నవాడు గిన్నెలోకి చూస్తూ ఏడిచేవాడు. అల్లుడు అదంతా తినాల్సిందే. వద్దంటే అత్తగారికి అవమానం. కొలిమి దగ్గర పనిచేసేవాడు అంత అన్నం తిని మళ్లీ ఆ సెగ దగ్గరికి వెళ్లడం ఎలాంటిదో ఊహించుకోండి.

కూలర్ గదిలో ఒక్కటే బెంచీ ఉండేది. మామగారు కూర్చుని ఉండగా అల్లుడు ఎదురుగా కూర్చోడు. మొదట్లో మేస్త్రీ వచ్చి కూర్చుంటే అతను గడప బయట ఉక్కలో నిలబడేవాడు. మేస్త్రీ మంచివాడు, గమనించాడు. ‘నాను కూకుంటే ఆయన కూకోడు’ అనుకుని అల్లుడి కోసం గదికి రావడమే మానేశాడు. మామగారు పని ఆపకుండా తాను వెళ్లి ఎలా కూర్చుంటానని అల్లుడూ మానేశాడు. ఒకరి సుఖం కోసం ఒకరు, ఇద్దరూ సెగలు కక్కే కొలిమి పక్కనే. మధ్యలో కూలర్ మాత్రం ఖాళీ బెంచీకి చల్లగా విసురుతోంది.

“మేస్త్రీ, ఆయన్ని వెళ్లి కూర్చోమని చెప్పొచ్చు కదా” అన్నాను.

ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. “అల్లుడికి నాను సెప్పడవేటి బాబూ? గేంగులో ఎవుడికైనా ఒరే కూకోరా అంటాను, తంతాను. అల్లుడికి అనగల్నా?”

ఆ మీదట, బావని ‘జీజా’ అంటూ బావమరుదుల సరదా. “క్యా జీజా, పాలక్ కైసా హై?” “జీజాజీ, జరా పానీ ఛిడక్ దే క్యా? సూఖ్ జాయేగా పాలక్!” నీళ్లు చల్లకపోతే పాలకూర వాడిపోతుందట. అల్లుడు నవ్వేవాడు. పర్లేదు అనేవాడు. మేస్త్రీ నవ్వేవాడు కాదు. తన చేత్తో కాళ్లు కడిగి పిల్లనిచ్చిన మనిషిని తన గేంగు ముందే తోటకూర అంటుంటే ఆయనకి అన్నం దిగలేదు. నాలుగో రోజో ఐదో రోజో, పొద్దున్న పనిలోకి దిగేముందు, అల్లుడి హెల్మెట్ తీసుకుని, రిబ్బను విప్పి, తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అంత ప్రేమగా చేసిన పని ఆయన తన జన్మలో ఇంకొకటి చేసి ఉండడు.

రిబ్బను పోయాక అల్లుడు గేంగులో అందరిలాంటివాడే. అందరితో పాటు కొలిమి లోపలికి దిగాడు.

ఆ రోజు మధ్యాహ్నం మబ్బు దట్టంగా పట్టింది. గాలి చచ్చిపోయింది. మేడమ్ మెడలో మీటరు చూసుకుని గబగబా వచ్చి, “అందర్నీ ఆపించండి, మాటిమాటికీ గదికి పంపండి” అంది. నేను గేంగు గేంగుకీ తిరుగుతూ చెబుతున్నాను. అందరూ అర్థమైంది బాబూ అంటున్నారు. చివరికి మేస్త్రీ గేంగు దగ్గరికి వచ్చేసరికి పెద్ద నవ్వులు. బావమరుదులిద్దరూ సుత్తులు కింద పెట్టి కడుపులు పట్టుకుని నవ్వుతున్నారు.

“సేఫ్టీబాబూ, సునో సునో! జీజా ఆజ్ మూడ్ మే హై!”

కొలిమి నోటి దగ్గర అల్లుడు నిలబడి ఉన్నాడు. ముఖం దానిమ్మపండు. మేస్త్రీ వైపు వేలు చూపిస్తూ, వచ్చినప్పటి నుంచీ ‘పర్లేదు మావయ్యా’ తప్ప ఏమీ అనని ఆ మనిషి, గొంతెత్తి అరిచాడు:

“ఒరే! తలుపెయ్యరా! ఐసంతా కరిగిపోతంది!”

గేంగు మొత్తం గొల్లుమంది. ఎవరో ఈల వేశారు. మేస్త్రీ ఒక్కడే నవ్వలేదు. అందరి ముందూ అల్లుడు ఒరే అన్నాడు. మేస్త్రీ చాలా మెల్లగా, నాకు మాత్రమే వినపడేలా, “తాగొచ్చినట్టున్నాడు బాబూ. ఎవుడూ ఏటీ అనకండి. ఇంటికి పంపీండి, పడుకుంటాడు” అన్నాడు. అప్పటికీ అల్లుడి పరువే చూస్తున్నాడు ఆయన.

ఇక్కడి నుంచి నేనేమీ పెంచడం లేదు.

దగ్గరికి వెళ్లి అల్లుడి మెడ మీద చెయ్యి వేశాను. అట్లపెనం. చెమట మాత్రం ధారగా కారుతూనే ఉంది. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అని చాలామంది అనుకుంటారు, పనిచేసేవాడికి కారుతూ ఉండగానే తగలొచ్చు. వాసన చూశాను, మందు లేదు. “నీ పేరేంటి?” అన్నాను. నా వైపు చూశాడు గానీ నన్ను చూడలేదు. “రొయ్యల లారీ వచ్చినాదా?” అన్నాడు. మోకాళ్లు వంగిపోయాయి. పట్టుకున్నాను.

ఇంటికి పంపి పడుకోబెడితే ఆ పడుకున్నవాడు లేవడని నాకు తెలుసు. “మేడమ్!” అని అరిచాను. ఆ అరుపు మేస్త్రీ గొంతునే మించిపోయింది.

ఆ పిల్ల ఎలా వచ్చిందో తెలియదు, వచ్చింది. ఒక చేత్తో ఫోన్‌లో అంబులెన్సుకి చెబుతోంది, రెండో చేత్తో కేంటీన్ వైపు చూపిస్తోంది. “ముందు చల్లబరచాలి. తరవాతే బండి. తొట్టెలో ఐసు, జల్దీ!” నలుగురం మోసుకుంటూ తొట్టె దగ్గరికి తెచ్చాం. ఐసు గోతాలు విప్పి బోర్లిస్తున్నారు, పైపు పెట్టారు. తొట్టెకి అడ్డంగా మేస్త్రీ నిలబడ్డాడు. రెండు చేతులూ చాచి.

“వొద్దు బాబూ! కాలిన ఒంటి మీద సన్నీల్లు పోత్తే పచ్చవాతం వత్తాది! మా పెద్దలు సెప్పినారు. నా కూతురు మెడలో పసుపు ఇంకా ఆరనేదు బాబూ, నా అల్లుడ్ని సంపీకండి!”

మేడమ్ హిందీలో ఏదో చెప్పబోయింది. ఆయనకి వినపడటం లేదు. ఆ కొడుకులిద్దరూ తండ్రిని దాటే ధైర్యం లేక నిలబడిపోయారు. నవ్వులు ఎప్పుడు ఆగిపోయాయో నాకు తెలియదు.

నేను జీవితమంతా వేడి గురించి మాట్లాడి బతికినవాణ్ణి. కుండ ఉంది, హిందీ ఉంది, తెలుగు ఉంది, వెయ్యి జోకులున్నాయి. అప్పుడు నా దగ్గరున్న సమయం మాత్రం ఒక్క మాటకే సరిపోతుంది. కుండ గురించి చెప్పడానికి లేదు, పక్షవాతం రాదని వాదించడానికి లేదు. నోటికి వచ్చినది ఇదీ:

“మేస్త్రీ, మీ అల్లుడు మిమ్మల్ని ఒరే అన్నాడు. ఆయన మిమ్మల్ని ఒరే అనే మనిషేనా?”

“కాదు” అన్నాడు. “సచ్చినా అనడు.”

“మరి ఆ అన్నది ఆయన కాదు. లోపలున్న వేడి. అది బయటికి పోతేనే మీ అల్లుడు మీకు దొరుకుతాడు.”

చేతులు దించాడు. దించడమే కాదు, మా అందరికంటే ముందు కిందకి వంగి, అల్లుడి బూట్లు లాగేశాడు, మేజోళ్లు లాగేశాడు, ఆ కాళ్లు రెండూ రెండు చేతుల్తో పట్టుకుని ఎత్తాడు. పెళ్లిలో ఇత్తడి పళ్లెంలో పెట్టి కడిగిన కాళ్లే అవి. తొట్టెలో పెట్టాం. తల పైకి పట్టుకుని, ఐసు నీళ్లు కలియబెడుతూ, మెడ కింద, చంకల్లో తడిగుడ్డల్లో ఐసు పెడుతూ ఉన్నాం. పెద్ద బావమరిది అట్టముక్కతో విసురుతున్నాడు. చిన్నవాడు బకెట్టు మీద బకెట్టు తెస్తున్నాడు, ఏడుస్తున్నాడు, “జీజా, బోల్ నా, కుఛ్ భీ బోల్, గాలీ దే దే” అంటున్నాడు, తిట్టైనా తిట్టమని. నోట్లో నీళ్లు పోద్దామని ఎవరో గ్లాసు తెస్తే మేడమ్ చేత్తో కొట్టేసింది. తెలివి సరిగా లేనివాడికి తాగించకూడదు.

చాలాసేపటికి అతనికి వణుకు పుట్టింది. కళ్లు తెరిచాడు. చుట్టూ ఐసు, ఐసు మధ్యలో తను. తలెత్తి చూస్తే కాళ్ల దగ్గర మామగారు. లేవబోయాడు. మామగారి ఎదుట పడుకుని ఉన్నాడు కదా!

“మావయ్యా...” అన్నాడు పళ్లు కొట్టుకుంటూ. “తమరు నిలబడిపోనారు.”

మేస్త్రీ ఆ తొట్టె అంచు మీద తల పెట్టి ఏడ్చాడు. ఆ గొంతుతో ఏడుపు ఎంత పెద్దదై ఉండాలి! చప్పుడే లేదు.

అంబులెన్సు వచ్చింది. హాస్పిటల్లో డాక్టర్లు ఇంకొంచెం ఆలస్యమైతే అంటూ మొదలుపెట్టి ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. మూత్రపిండాల సంగతి చూడాలని కొన్నాళ్లు ఉంచారు.

ఆ సాయంత్రం హాస్పిటల్ వసారాలో మేస్త్రీ కూతురు వచ్చింది. చేతుల గోరింటాకు ఇంకా వెలిసిపోని పిల్ల. తండ్రి ఎదురుగా నిలబడి, “ఆయనకి రిబ్బను కట్టినారంట కదా నాన్నా. ఏదీ?” అంది.

మేస్త్రీ జేబులోంచి తీసి చూపించాడు. నలిగి, చెమటకి నల్లబడిన పచ్చగుడ్డ.

“నలుగురూ నవ్వతన్నారమ్మా. అల్లుడుగారికి మరియాద తక్కువైపోతందని...”

ఆ పిల్ల అరవలేదు. బర్మామైన్స్‌లో పుట్టి పెరిగినా ఆ మాట తండ్రి భాషలోనే అంది. “ఇంక ఆయన్ని అల్లుడిలాగ సూడకు నాన్నా. కూలోడిలాగ సూడు. కూలోడినైతే నీడలో కూకోరా అని తిడతావు కదా.”

తరువాత నా పాఠం మారింది. కుండ ఉంది, దాన్ని తియ్యలేదు, ఎంతైనా నా ప్రసిద్ధి దాని మీదే ఉంది. కానీ కుండ కంటే ముందు ఒక ప్రశ్న వచ్చింది: “ఈ గేంగులో ఎవరు ఎవరికి ఏమవుతారు?” జనం తెల్లబోయేవారు. వేడికీ చుట్టరికానికీ సంబంధమేమిటని మేడమ్ కూడా మొదట కళ్లద్దాల మీదుగా చూసింది. చెప్పాను. ఎవరు ఎవరి ముందు కూర్చోరో, ఎవరికంటే ముందు ఎవరు నీళ్లు ముట్టరో, ఎవరు ఎవర్ని కూర్చోమని అనలేరో తెలియకపోతే, వేడి గురించి మనకి తెలిసినదంతా కుండకే చెప్పుకోవాలని. మనం మాట చేరవేశామనుకుంటాం. అది మనిషి చెవి దాకా వెళ్లి, అక్కడ కాపలా ఉన్న మామగార్నీ పెద్దన్ననీ చూసి, చెప్పులు విడిచి బయటే నిలబడుతుంది.

కూర్చోమని చెప్పే పని చుట్టాల నుంచి తీసేసి గంటకి అప్పజెప్పాం. గంట మోగితే అందరూ వెళ్లాల్సిందే. గంట ఎవరికీ మామ కాదు, ఎవరికీ అల్లుడు కాదు. ఇక బెంచీ సంగతి. రెండో బెంచీ తెప్పించి, రెంటినీ వీపులు ఆనేలా వేసి, మధ్యలో పాత టార్పాలిన్ వేలాడదీశాం. అటు మామలు, ఇటు అల్లుళ్లు. ఎవరికీ ఎవరూ ఎదురుగా లేరు. “యే క్యా హై?” అంది మేడమ్. పెళ్లిలో వధూవరుల మధ్య మేము తెర పట్టుకుంటాం మేడమ్, ఇది మామా అల్లుళ్ల తెర అన్నాను. చాలాసేపు నవ్వింది. తరువాత పాత టార్పాలిన్ తీయించి కొత్తది కట్టించింది.

అల్లుడు కోలుకున్నాక ఊరెళ్లిపోతాడనుకున్నాం. వెళ్లలేదు. చలికాలంలో తిరిగి పనిలోకి వచ్చాడు, మామగారి జేబులో ఉండిపోయిన ఆ పాత రిబ్బనే కట్టుకుని, మళ్లీ మొదటి నుంచి. ఈసారి పాలక్ అని బావమరుదులు అనలేదు. వేరేవాడెవడో అంటే చిన్నవాడు వాడి కాలరు పట్టుకున్నాడు. వేసవి వచ్చేసరికి అతను ఆ గేంగులో అందరికంటే గట్టి పనివాడయ్యాడు. నోరు కూడా కొంచెం విప్పాడు. పర్లేదుకి తోడు “ఊఁ” కూడా చేర్చాడు.

మేస్త్రీ కంటి ఆపరేషన్ చేయించుకుని, ఊళ్లో చెల్లెలి ఇంట్లో నెలా రెండు నెలలు నీడపట్టున పడుకుని, ఆ జూన్‌లో తిరిగొచ్చాడు. కొలిమి దగ్గరికి గంభీరంగా నడిచొచ్చి సుత్తి అందుకోబోయాడు. నియమం ఏమిటంటే, అన్నాళ్లు వేడికి దూరంగా ఉన్నవాడు ఎంత పాతవాడైనా కొత్తవాడి కిందే లెక్క. ఒంటికి మతిమరుపు ఎక్కువ, అనుభవాన్ని గుర్తుపెట్టుకోదు. ఈ సంగతి ఆయనకి ఎవరు చెప్పాలి? నేను దగ్గాను. మేడమ్ మీటరు చూసుకుంది. కొడుకులు ఇటుకలు లెక్కపెట్టడం మొదలెట్టారు.

అల్లుడు వచ్చాడు. మామగారి తల మీంచి హెల్మెట్ రెండు చేతుల్తో తీశాడు, దేవుడి కిరీటం తీసినంత భయంగా. జేబులోంచి రిబ్బను తీసి కట్టాడు. నలిగి నల్లబడిన ఆ పాత పచ్చగుడ్డే. ఉతికి దాచాడు.

“యేటిది?” అన్నాడు మేస్త్రీ.

“ఎల్లి కూకోండి మావయ్యా” అన్నాడు అల్లుడు.

చుట్టూ సుత్తులన్నీ ఆగాయి. కొలిమి కూడా ఒక క్షణం చల్లారిందని చెప్పాలని ఉంది, చెప్పను. మేస్త్రీ ఆ హెల్మెట్ తల మీద పెట్టుకుని, కూలర్ గదిలోకి వెళ్లి, బెంచీ మీద కూర్చున్నాడు. వెనకే నీళ్ల గ్లాసుతో వెళ్లిన అల్లుడు అది అందించి, తెర అవతల బెంచీ ఉన్నా, పాత అలవాటు ప్రకారం గడప బయటికి వచ్చి నిలబడ్డాడు.

మేస్త్రీ నీళ్లు తాగాడు. మూతి తుడుచుకున్నాడు. చెయ్యి చాచి, మా మామా అల్లుళ్ల తెరని, మేడమ్ కట్టించిన కొత్త టార్పాలిన్ని, ఒక్క లాగు లాగి పక్కకి నెట్టేశాడు.

“తోటకూర ముందర నిలబడతారేటండీ అల్లుడుగారూ?” అన్నాడు. “రండి, కూకోండి.”

అల్లుడు వచ్చి కూర్చున్నాడు. బెంచీ చివర, సగం గాలిలోనే. అయినా కూర్చున్నాడు.